ఉప్పుసందులోకి వెళ్ళకండి

షెకూవెకి బట్టతల వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. బట్టతల బార్బరు దగ్గర క్రాఫు చేయించుకోవడమేమిటని ఎవరైనా నవ్వితే, "నా నెత్తి మీద చెయ్యాల్సిన తప్పులన్నీ చేసేశానయ్యా, ఇక నీ నెత్తి మీద చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, కూర్చో" అంటాడు. అది నిజం కాదని మా ఉప్పుసందులో చెవి పక్కన గాటున్న ప్రతివాడికీ తెలుసు. తన మీద తనే జోకులు వేసుకోవడం షెకూవెకి కొత్త కాదు. కానీ అతను ఇప్పుడు నవ్వుతూ చెప్పుకునే వాటిలో ఒకటి మాత్రం, నవ్వు రావడానికి ముందు చాలా రోజులు గొంతులో అడ్డం పడి కూర్చుంది. ఇది ఆ సంగతి.

మా ఊరు కెన్యా సముద్రతీరంలో ఉంది. మొంబాసాలో బస్సెక్కితే మూడు గంటలు. ఇసక తెల్లగా ఉంది కాబట్టి హోటళ్ళు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి కాబట్టి ఇటలీ వాళ్ళు వచ్చారు, వాళ్ళు వచ్చారు కాబట్టి మా పొయ్యిలు వెలిగాయి. ఉప్పుసందు బజారుకీ ఒడ్డుకీ మధ్య వంకరటింకరగా పోతుంది. బరువు మోసే రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సిందే. పూర్వం పడవల్లోంచి ఉప్పు దింపి ఇటే మోసేవారట. ఈ కథ మొదలయ్యేసరికి ఆ దారిన జనం మోసుకొచ్చేది చెత్త ఒక్కటే. పదకొండు కొట్లలో ఏడింటికి తాళాలు. మిగిలినవి నాలుగు. మహమ్రి అనే తియ్యటి పూరీలు వేయించే దామా అంగడి, లాలి తెరచాపలు కుట్టే కొట్టు, ఒక చెప్పులు కుట్టే ముసలాయన, షెకూవె సెలూను.

షెకూవె ఈ ఊళ్ళో పుట్టినవాడు కాదు. పైన ఉత్తరానున్న దీవుల్లో, జాలరి ఇంట్లో పుట్టాడు. పడవెక్కితే వాంతులు. తండ్రి మూడుసార్లు వేటకి తీసుకెళ్ళి, నాలుగోసారి ఒడ్డునే వదిలేశాడు. "మా వంశంలో తుపానుకి పోయినవాళ్ళున్నారు, సొరచేపకి కాలిచ్చినవాళ్ళున్నారు. లంగరేసి ఉన్న పడవలో కూర్చుని కక్కుకున్నది మాత్రం నేనొక్కణ్ణే" అని చెప్తాడు. ఇక లాభం లేదని తల్లి అతన్ని మా ఊళ్ళో బార్బరు పని చేసే తన తమ్ముడి దగ్గరికి పంపింది. అక్కడ కత్తెర పట్టడం నేర్చుకుని, పాతికేళ్ళు నిండకుండానే ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటల్లో చేరాడు.

ఆ హోటల్లో పంతొమ్మిదేళ్ళు చేశాడు. ఇటలీ భాష అక్కడే నేర్చుకున్నాడు, గెడ్డాలు గీస్తూ గీస్తూ. అతను ఆ భాషలో గంటలకొద్దీ మాట్లాడేవాడు, ఒక్కరంటే ఒక్కరు కూడా తప్పని దిద్దలేదు. అందుకని తనది పండిత భాష అనుకున్నాడు. మూతి నిండా సబ్బు నురగ, మెడ దగ్గర కత్తి ఉన్న మనిషి వ్యాకరణం దిద్దడని అతనికి చాలా కాలం తట్టలేదు.

ఆ రోజుల్లోనే మేనేజరు అతన్ని పిలిచాడు. హోటల్లోనే బొమ్మలూ చెప్పులూ అమ్మే కొట్టొకటి పెట్టారు. అతిథులు ఊళ్ళోకి వెళ్ళి అవే వస్తువులు కొనుక్కొస్తున్నారని ఆయనకి కడుపుమంట. "షెకూవె, నీకు వాళ్ళ భాష వచ్చుగా. వీళ్ళని పాత ఊళ్ళోకి పోకుండా ఆపేలా ఒక బోర్డు రాసిపెట్టు" అన్నాడు.

షెకూవె రెండు రోజులు కూర్చుని రాశాడు. తెల్ల పలక మీద నీలం అక్షరాలు. ప్రియమైన అతిథులారా, పాత ఊరి సందుల్లోకి, ముఖ్యంగా ఉప్పుసందులోకి వెళ్ళకండి, తప్పిపోతారు. చివర చుక్కకి బదులు చిన్న మల్లెపువ్వు వేశాడు. మెచ్చుకుంటారేమోనని వారం రోజులు ఆ బోర్డు పక్కనే ఏదో పని కల్పించుకుని తచ్చాడాడు. ఎవరైనా పాత ఊరి గురించి అడిగితే గుండె మీద చెయ్యి వేసుకుని, "వద్దు సార్, అక్కడ కంపు, దొంగలు, కుక్కలు" అని చెప్పేవాడు. కంపు, కుక్కలు అప్పటికి లేవు. దొంగలు ఇప్పటికీ లేరు.

తర్వాత రోజులు తిరగబడ్డాయి. విమానాలు తగ్గాయి, అతిథులు తగ్గారు, హోటలు మూసేశారు. పంతొమ్మిదేళ్ళ సేవకి గుర్తుగా షెకూవెకి తిరుగుడు కుర్చీ ఒకటి ఇచ్చి పంపారు. దాన్ని గాడిద బండి మీద వేసుకుని ఊరంతా తిరిగాడు. అతను కట్టగలిగిన అద్దెకి కొట్టు దొరికింది ఉప్పుసందులో ఒక్కచోటే.

"ఎవరినీ రావద్దని ఏళ్ళ తరబడి చెప్పి, చివరికి అక్కడికే కుర్చీ తెచ్చుకుని ఎవరైనా వస్తారా అని ఎదురుచూసినవాణ్ణి నేను" అని ఇప్పుడు చెప్తాడు. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. హోటల్లో ఏం చేసేవాడివని అడిగితే, "క్రాఫులు" అని ఊరుకునేవాడు. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి.

ఒక జూన్‌లో పురపాలక ఆఫీసు నుంచి నెకేసా అనే అమ్మాయి వచ్చింది. దేశానికి పడమటి చివర ఊరు ఆమెది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆమె మాట్లాడే స్వాహిలీ వింటే మా తీరంవాళ్ళకి పంటి కింద రాయి పడ్డట్టుండేది, కానీ మనిషి గట్టిది. పాత సందులని బాగుచేసి, చిన్న వ్యాపారాలని నిలబెట్టే పని ఆమెకి అప్పగించారు. సందుకొక కమిటీ ఉండాలంది. కొట్లవాళ్ళం, సందులో కాపురాలున్నవాళ్ళం కలిసి లాలి కొట్టు ముందు పంతొమ్మిది మందిమి పోగయ్యాం.

షెకూవె లేచి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఇటలీలో సందులెలా ఉంటాయో, అక్కడ జనం ఎలా ఎగబడతారో, కిటికీల్లో పూలెలా ఉంటాయో కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. ఇటలీ అతను చూడలేదనుకోండి. మాటలు అయ్యాక దామా "ఇతన్నే ఛైర్మన్‌ని చేద్దాం" అంది. పద్దెనిమిది చేతులూ ఒక్కసారి లేచాయి.

ఇంటికెళ్ళి భార్య జుహూరాకి చెప్పాడు. ఆమె చేపలో ముళ్ళు తీస్తూ తలెత్తకుండానే అడిగింది.

"పోటీ ఎవరూ లేరా?"

"లేరు."

"మరి ఎలా గెలిచావు?"

"నా ప్రసంగం విని చేతులెత్తారు."

"ఆపమని ఎత్తి ఉంటారు."

ఛైర్మన్‌గిరీ మొదటి నెల పూలకుండీలతో గడిచింది. నెకేసా ఎక్కణ్ణించో ఇరవై నాలుగు కుండీలు సంపాదించింది. ఎర్రపూలు, పసుపుపూలు. షెకూవె వాటిని గోడ వెంబడి వరసగా పేర్చి, ఫోటో తీయించుకుని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇరవై నాలుగు కుండీల్లో మట్టి ఉంది, మధ్యలో మేక ఒకటి తృప్తిగా పడుకుని ఉంది. "ఛైర్మనూ, ప్రారంభోత్సవం అయిపోయింది" అంది దామా.

తర్వాత సున్నం. తెల్ల సున్నం కొడదామని అందరూ అన్నారు. షెకూవె ఒప్పుకోలేదు. సెలూన్లో ఒక పాత క్యాలెండరుంది, దాంట్లో ఎక్కడిదో నీలం గోడల ఊరు. అలా ఉండాలన్నాడు. సున్నంలో బట్టలకి వేసే నీలిమందు డబ్బాల కొద్దీ కలిపాడు. రంగు బ్రహ్మాండంగా వచ్చింది, కానీ గోడకి అంటుకోలేదు. రాసుకున్న ప్రతివాడికీ అంటుకుంది. ఆ శుక్రవారం కంజూలని మా తెల్లటి పొడుగు చొక్కాలు వేసుకుని నమాజుకి వెళ్ళినవాళ్ళు మసీదులో వరసకట్టి వంగేసరికి, వెనక వరసవాళ్ళకి ముందు వరసలో నీలం భుజాలు కనిపించాయి. ఎవరు ఉప్పుసందులోంచి వచ్చారో ఎవరు మెయిన్ రోడ్డు మీంచి వచ్చారో విడివిడిగా లెక్కపెట్టొచ్చు. షెకూవె వీపంతా నీలం. ఇమాముగారు నమాజయ్యాక పిలిచి, "నాయనా, నువ్వు దేవుడి ఇంటికి కూడా రంగులేస్తావా?" అని అడిగారట.

అయినా ఆగస్టులో పండగ పెట్టారు. ప్రారంభోత్సవం అనే పేరు ఉండాల్సిందేనని ఛైర్మన్ పట్టుపట్టాడు. డప్పులవాళ్ళు వచ్చారు. దామా రెండు పెద్ద మూకుళ్ళ నిండా మహమ్రి వేయించింది, పక్కన కొబ్బరిపాలతో వండిన కందులు. సందు చివర షెకూవె మల్లెదండ పట్టుకుని నిలబడ్డాడు. పదయింది. పదకొండయింది. పన్నెండుకి ఒక ఇటలీ మనిషి వచ్చాడు, పొట్టిగా, చెమట కారుతూ, గబగబా.

షెకూవె దండ వేసేశాడు. డప్పులు మోగాయి. ఆయన ఏదో అన్నాడు, డప్పుల్లో వినపడలేదు. షెకూవె చెయ్యి పట్టుకుని లాలి కొట్టు ముందుకి తీసుకొచ్చి, ఉప్పు కాలం నుంచి మొదలుపెట్టి ఇటలీ భాషలో ప్రసంగించాడు. ఆయన ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి మారుతూ, ముఖం ఎర్రగా చేసుకుని, తల ఊపుతున్నాడు. కదిలిపోయాడని షెకూవె అనుకున్నాడు. పావుగంట అయ్యాక దామా తన అంగట్లోంచి లేచొచ్చింది.

"ఏమయ్యా ఛైర్మనూ, ఆ మనిషి అడుగుతున్నది మరుగుదొడ్డి ఎక్కడని. నాకు ఇటలీ రాదు, అయినా తెలుస్తోంది."

నిజమే. ఆయన దండతోనే మసీదు వెనక్కి పరిగెత్తాడు. తిరిగి ఇటు రాలేదు. ఆ రోజు వచ్చిన పర్యాటకుల సంఖ్య ఒకటి అని నెకేసా రిపోర్టులో రాసుకుంది. దండలు మాత్రం ముప్ఫై మిగిలాయి.

మర్నాడు ఆమె సెలూనుకొచ్చి తిరుగుడు కుర్చీలో కూర్చుంది.

"పెద్దాయనా, ఇక్కడ మనం రంగులేసి లాభం లేదు. అసలు వాళ్ళు ఎందుకు రారో హోటళ్ళకే వెళ్ళి అడుగుదాం. మీరు రండి, మీకు భాష వచ్చు."

షెకూవె శుభ్రంగా కంజూ వేసుకుని, జుహూరా దగ్గర అత్తరు అడిగి పూసుకుని బయల్దేరాడు. మొదటి హోటల్లో అడుగుపెట్టగానే, మెట్ల పక్కన, తెల్ల పలక, నీలం అక్షరాలు.

అతని హోటలు మూతపడి పన్నెండేళ్ళయింది. ఆ బోర్డు ఏ పొయ్యిలోనో కాలిపోయి ఉంటుందనుకున్నాడు. ఇది ఆ బోర్డు కాదు. కొత్త పలక, కొత్త రంగు. ఎవరో చూసి రాసుకున్నారు. మాటకి మాట అవే. చివర మల్లెపువ్వు కూడా వేశారు.

నెకేసా అది చూసి మండిపడింది. "ఇదిగో, ఇదీ సంగతి! పేరు పెట్టి మరీ రాశారు ఉప్పుసందు అని. పెద్దాయనా, ఏం రాశారో చదవండి."

షెకూవె గొంతు సవరించుకున్నాడు. "అంటే... సందుల్లోకి వెళ్ళకండి... తప్పిపోతారు... అని."

వెనక కుర్చీలోంచి నవ్వు వినిపించింది. ఓర్నెల్లా అని ఒక ఇటలీ పెద్దావిడ, మా ఊళ్ళో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా ఉంటోంది. ఆవిడ స్వాహిలీ మా అందరికంటే బాగుంటుంది.

"తప్పిపోతారని కాదు బాబూ, పోతారని ఉంది. చచ్చిపోతారని. మా భాషలో ఆ రెండు మాటలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒడ్డున అన్ని హోటళ్ళలోనూ ఇదే బోర్డు, ఇదే తప్పు. మా దేశం వాళ్ళు వచ్చిన మొదటి రోజే నన్ను అడుగుతారు, ఆ సందులో ఇప్పటిదాకా ఎంతమంది పోయారని. నేను లెక్క తెలియదంటాను."

నెకేసా బోర్డు కేసి వేలు చూపించింది. "ఏ మూర్ఖుడు రాశాడో ఇది!"

"ఎవరో చదువురానివాడై ఉంటాడమ్మా" అన్నాడు షెకూవె. 

ఆ రోజు ఎనిమిది హోటళ్ళు తిరిగారు. ఎనిమిదింటిలోనూ అదే బోర్డు, ఏడింటిలో మల్లెపువ్వు. ఒకచోట మాత్రం గులాబీ వేశారు.

ఆ తర్వాత వారం రోజులు షెకూవె మాట్లాడటం మానేశాడు. కస్టమర్లు బెదిరిపోయారు. మాట్లాడని షెకూవె చేతిలో కత్తి ఉంటే కూర్చోవడానికి భయమేసిందని లాలి ఇప్పటికీ అంటాడు. చెప్పులు కుట్టే ముసలాయన రోజుకో జత కూడా అమ్ముడుపోక మధ్యాహ్నం అరుగు మీద నిద్రపోతుంటే, షెకూవె ఆయన కేసి చూసి మొహం తిప్పుకునేవాడు. మూతపడ్డ ఏడు కొట్ల తాళాల్ని దాటి ఇంటికెళ్ళడానికి కాళ్ళు రాక చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీంచి వెళ్ళేవాడు. ఆ కొట్లలో ఒకటి హల్వా చేసే విధవరాలిది. ఆమె మూడేళ్ళ కిందట మూసేసి మొంబాసాలో ఇళ్ళల్లో పనికి పోయింది. ఆమె వెళ్ళేటప్పుడు సామాను ఎక్కించింది షెకూవే.

ఇంట్లో జుహూరాకి చెప్పేశాడు. ఆమె నవ్వలేదు. "వాళ్ళకి చెప్పు. లేకపోతే నీకు అన్నం అరగదు" అంది.

శనివారం పొద్దున కమిటీ దామా అంగట్లో కూర్చుంది. మహమ్రి మూకుడు సలసల కాగుతోంది. ఆ రోజు మాట్లాడాల్సింది స్వాగత ద్వారం గురించి. సందు మొదట్లో పెద్ద కమాను కట్టి, పైన ఉప్పుసందు అనీ, కింద ఛైర్మన్ షెకూవె అనీ రాయించాలని అతను పట్టుబట్టి సాధించిన పథకం అది. డబ్బు కూడా మంజూరైంది. నెకేసా కాగితం తీసింది.

షెకూవె లేచి నిలబడ్డాడు. అందరూ ఒక్కసారి నిట్టూర్చి, నలభై నిమిషాలకి సర్దుకుని కూర్చున్నారు.

"ఆ బోర్డు నేనే రాశాను" అన్నాడు.

 మూకుట్లో మహమ్రి ఒకటి ఉబ్బి తిరగబడింది.

"హోటళ్ళలో ఉన్న బోర్డు. మన సందులోకి రావద్దని. పోతారని. మొదట రాసింది నేనే. నోటితో కూడా చెప్పాను, రోజూ. మీ కొట్లు మూయించింది నేను. నాకు ఛైర్మన్‌గా ఉండే యోగ్యత లేదు."

దామా జల్లిగరిటెతో మహమ్రి తీసి పళ్ళెంలో వేసింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వే రాశావని. మా మరిది ఆ హోటల్లో తోటమాలి కాదూ? నువ్వు నాలుక బయటపెట్టి పువ్వు వేస్తుంటే రంగు డబ్బా పట్టుకుంది వాడే. నువ్వు గాడిద బండి మీద కుర్చీ వేసుకుని సందులోకి వచ్చిన రోజే ఇక్కడ అందరికీ తెలుసు."

షెకూవె లాలి కేసి చూశాడు. లాలి కాఫీ కప్పులోకి చూస్తూ, "పువ్వు బాగుందన్నాడు దామా మరిది" అన్నాడు.

"పన్నెండేళ్ళు తెలిసీ నాతో క్రాఫు చేయించుకున్నారా?"

"ఇంకెవడున్నాడు సందులో?" అన్నాడు చెప్పుల ముసలాయన.

"మరి నన్నెందుకు ఎన్నుకున్నారు? ఛైర్మన్‌గా?"

దామా గరిటె పక్కన పెట్టింది. "వాళ్ళకి రావద్దని చెప్పింది నువ్వు. రమ్మని కూడా నువ్వే చెప్పాలని ఎన్నుకున్నాం. ఎప్పుడు నీ అంతట నువ్వు ఒప్పుకుంటావా అని చూస్తున్నాం. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు. ఆ లోపల నువ్వు మేకలకి పూలు పెట్టావు, నమాజుకి నీలిమందు పూశావు."

"నా ప్రసంగం విని కాదా?"

"ఏ ప్రసంగం?" అంది దామా, నిజంగానే గుర్తులేనట్టు.

అక్కడ షెకూవె కూర్చుండిపోయాడు. అతను ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా అని కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. రెండూ చేస్తున్నాడని తర్వాత తేలింది. నెకేసా మాత్రం చాలాసేపు మొహం ముడుచుకునే కూర్చుంది. మూర్ఖుడు అన్న మాటకి క్షమాపణ చెప్పాలా అక్కర్లేదా అని ఆలోచిస్తున్నానని ఆమె తర్వాత చెప్పింది. అక్కర్లేదని నిర్ణయించుకుందట.

శిక్ష దామా వేసింది. ఆరు నెలలు ఛైర్మన్ మీటింగుల్లో నోరెత్తకూడదు. ఎనిమిది హోటళ్ళలోనూ బోర్డులు అతనే తిరగరాయాలి. కమాను కట్టకూడదు.

"కమాను ఎందుకు వద్దు?" అన్నాడు షెకూవె, శిక్షలో అదొక్కటే బాధించినట్టు.

"నీ కూతురు చేపలకి ఒడ్డుకి వెళ్ళేటప్పుడు ఎటు పోతుంది?" అంది దామా.

"మెయిన్ రోడ్డు చుట్టూ."

"ఎందుకు?"

"ఇటు మురిక్కాలవ కంపు. పైగా మాడిపోయే ఎండ. కాళ్ళు నొప్పెడితే కూర్చోడానికి ఉన్న అరుగులన్నీ విరిగిపోయాయి."

"మన పిల్లలే రాని సందులోకి ఇటలీ వాళ్ళు ఎందుకొస్తారయ్యా? కమాను డబ్బుతో కాలవ మీద పలకలు వేయించండి. అరుగులు కట్టించండి. నీడ సంగతి లాలి చూసుకుంటాడు."

నెకేసా స్వాగత ద్వారం అన్న మాట కొట్టేసి, కాలవ పలకలు అని రాసుకుంది. పైవాళ్ళు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. కమాను అయితే ఫోటోలో పడుతుంది, మురిక్కాలవ మూత ఎవరు ఫోటో తీస్తారని వాళ్ళు అడిగారట. ఆమె వాళ్ళతో రోజూ కొట్లాడింది. ఆ కొట్లాటల్లో ఆమె స్వాహిలీ కూడా కాస్త పదునెక్కింది, మా తీరం తిట్లు నాలుగు పట్టుబడ్డాయి.

పలకలు పడ్డాయి. తాపీవాళ్ళు అరుగులు కట్టారు, ప్రతి కొట్టు ముందూ ఒకటి. లాలి తన కొట్లో పేరుకుపోయిన పాత తెరచాపలన్నీ విప్పి, చింకులు కుట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టాడు. మధ్యాహ్నం పూట కూడా సందులో చల్లగా, మసకగా, పడవ కింద కూర్చున్నట్టు ఉండేది. షెకూవెకి మొదటి వారం కొంచెం కడుపులో తిప్పింది కూడా.

ఈలోగా అతను బోర్డులు తిరగరాశాడు. ఈసారి ఓర్నెల్లా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మూతికి నురగ లేదు కాబట్టి ప్రతి అక్షరానికీ తప్పు పట్టింది. మొదటి బోర్డు పూర్తయ్యేసరికి షెకూవెకి తన ఇటలీ భాష ఎలాంటిదో తెలిసొచ్చింది. పంతొమ్మిదేళ్ళపాటు అతను కస్టమర్లతో "తల కొంచెం వంచండి" అంటున్నాననుకుని "తల కొంచెం అమ్మండి" అంటున్నాడు. ఏం రాయాలని ఆవిడ అడిగితే చాలాసేపు ఆలోచించాడు. చివరికి రాసింది ఇది. ఉప్పుసందుకి వెళ్ళండి. దారి తప్పుతారు. తప్పితే ఏ అరుగు మీదైనా కూర్చోండి, ఎవరో ఒకరు కాఫీ ఇస్తారు.

రెండు హోటళ్ళు బోర్డు పెట్టనివ్వలేదు. ఆరు ఒప్పుకున్నాయి.

జనం ముందు వచ్చింది హోటళ్ళ నుంచి కాదు. ఒడ్డు నుంచి చేపల బుట్టలు మోసుకొచ్చే ఆడవాళ్ళు వచ్చారు, నీడ కోసం. వాళ్ళు కూర్చుంటే దామా కాఫీ పెట్టింది. సాయంత్రం మసీదు నుంచి పెద్దవాళ్ళు వచ్చి అరుగుల మీద బావో ఆట మొదలుపెట్టారు, గుంటలున్న చెక్కపలక, గింజలు, గంటలకొద్దీ పోట్లాటలు. ఆ పోట్లాటలు చూడటానికి ఇంకొంతమంది. రెండు కొట్ల తాళాలు తీశారు. ఒకదాంట్లో మా ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకునే కాంగా గుడ్డలు, ఒకదాంట్లో సైకిలు రిపేరు. హల్వా ఆమె మొంబాసా నుంచి కబురంపింది, తన కొట్టు ఇంకా ఖాళీగానే ఉందా అని. షెకూవె తనే వెళ్ళి ఆమె తలుపులకి పట్టిన తుప్పు గీకి, రంగు వేసి, ఈసారి నీలం వెయ్యకుండా, ఉందని చెప్పాడు. ఆమె వచ్చింది. ఆమెకి బోర్డు సంగతి చెప్పబోతే, "తెలుసులే అన్నా, ఆ బల్ల జరుపు" అంది.

జనవరిలో ఇటలీ వాళ్ళు ఒకరిద్దరుగా రావడం మొదలైంది, తడి జుట్టుతో, చెప్పుల్లో ఇసకతో. దండలు లేవు, డప్పులు లేవు. చేపల బుట్టల మధ్య అరుగు మీద ఇరుక్కుని కూర్చుని కాఫీ తాగి, బావో ఆటగాళ్ళు ఎవరిని ఎందుకు తిడుతున్నారో తెలియక నవ్వి, చెప్పుల జతో పల్లీపట్టీయో కొనుక్కుని వెళ్ళేవారు. చెప్పుల ముసలాయనకి మధ్యాహ్నం నిద్ర లేకుండా పోయింది. నన్ను పడుకోనివ్వడం లేదని ఛైర్మన్ మీద కమిటీకి ఫిర్యాదు చేశాడు.

సందు బాగుపడ్డాక షెకూవె వ్యాపారం ఏమైందంటే, సగానికి పడింది. తాళం తీసిన కొట్లలో నాలుగోది అద్దెకి అడిగిన ఒచోలా అనే అతనికి ఛైర్మన్ హోదాలో అనుమతి ఇచ్చింది షెకూవే. కాగితం చదవకుండా సంతకం పెట్టాడు. అది సెలూను. నిలువెత్తు అద్దాలు, కరెంటు మిషన్లు, పాటలు. ప్రారంభానికి షెకూవెనే పిలిచి రిబ్బను కోయించారు. "ఊళ్ళో ఇంకెవరి కత్తెరైనా తెమ్మనాల్సింది, నా కత్తెరతోనే కోశాను" అని చెప్తాడు. ఒచోలా మర్యాదస్తుడు, పెద్దవాళ్ళని గెడ్డం కోసం ఇటే పంపుతాడు. కుర్రకారు మాత్రం రారు. షెకూవెకి కొంచెం కష్టంగానే ఉంది, ఇంట్లో లెక్కలు బిగించాల్సి వచ్చింది. కానీ మళ్ళీ ఛైర్మన్‌ని ఎన్నుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు తను తప్పుకుంటానన్నాడు. దామాని చెయ్యమన్నాడు. పదమూడు నిమిషాలు మాట్లాడాడు ఆమె గురించి, ఒక్క జోకు లేకుండా. మేమంతా విన్నాం. ఆమె ఛైర్మన్ అయింది, అతన్ని కార్యదర్శిని చేసింది. కాగితాలు రాసే పనే, కానీ ప్రతిదీ నెకేసా ఒకసారి చదివి పంపుతుంది.

ప్రతి ఏడూ వానలు పడే మేలో మా ఊరు చచ్చిపడి ఉంటుంది. హోటళ్ళు తలుపులు వేసుకుంటాయి, సముద్రం గోధుమరంగుకి తిరుగుతుంది, కొట్లవాళ్ళు సొంతూళ్ళకి పోతారు. ఈ ఏడు మే మొదటివారం వాన మొదలైన రోజు సందులోంచి ఎవరూ లేచి వెళ్ళలేదు. తెరచాపల మీద చప్పుడు గట్టిగా ఉంది. చేపల ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని అరుగుల మీద కూర్చున్నారు. హల్వా మూకుడు దగ్గర నలుగురు చేరి చేతులు కాచుకుంటున్నారు. దామా కేకేసి కాఫీ ఎవరికి కావాలో అడుగుతోంది. లాలి కుట్టిన చింకుల్లో ఒకటి ఊడి, వాననీళ్ళు ధారగా, సూటిగా, షెకూవె గాలి కోసం సందులోకి జరిపిన తిరుగుడు కుర్చీలో కూర్చున్న ఇమాముగారి ఒళ్ళో పడ్డాయి. సగం గెడ్డం నురగలో ఉంది.

"షెకూవె!" అన్నారాయన.

"వస్తున్నా, వస్తున్నా" అంటూ షెకూవె ఇమాముగారితో సహా కుర్చీని గుమ్మంలోకి ఈడ్చి, మిగిలిన సగం అక్కడ గీయడం మొదలుపెట్టాడు.